అల్ట్రాసోనిక్ సెన్సార్ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 గారికి,

చెవికి వినపడని ధ్వనితో దూరం కొలిచే తమరికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీలో మళ్లీ ప్రాజెక్ట్ ఎక్స్‌పో పెట్టారు. ఫ్లెక్సీలు కట్టారు, జ్యోతి ప్రజ్వలన అయింది, ముఖ్య అతిథి స్టాళ్ల వైపు బయల్దేరారు. తమరు ఎప్పటిలాగే అన్ని బల్లల మీదా కొలువుదీరారు. స్మార్ట్ చెత్తబుట్ట మూతకు తమరే, అంధుల చేతికర్రకు తమరే, ట్యాంకులో నీటిమట్టానికి తమరే, పార్కింగ్ నమూనాలో థర్మాకోల్ గోడ వెనక తమరే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో వందకు అటూఇటూగా దొరికే తమరి మీద ఇన్ని మేజర్ ప్రాజెక్టులు గట్టెక్కుతున్నాయి.

చూసినవాళ్లు తమరికి రెండు కళ్లున్నాయనుకుంటారు. నిజానికి ఒకటి నోరు, రెండోది చెవి. కొలత మొదలెట్టమని చెప్పే ట్రిగ్ పిన్‌కు 10 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే 40 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది కూతలు కూస్తారు. ప్రతిధ్వని తిరిగొచ్చేదాకా ఎకో పిన్‌ను హైలో (5 వోల్టుల్లో) ఉంచుతారు. ఆ మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు. తమరి విద్య ఇంతే, అందులో మోసం లేదు. ఉన్నదల్లా పైన అతికించిన ‘ఏఐ ఆధారిత’ స్టిక్కర్‌లోనే.

ఆ 58 ఎక్కడిదని అడిగితే మాత్రం బృందంలో నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మామూలు వేడిలో ధ్వని ఒక సెంటీమీటరు వెళ్లి తిరిగిరావడానికి పట్టే మైక్రోసెకన్లే అవి. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. అంటే మే నెల షామియానాలో రెండు మీటర్ల దూరాన్ని తమరు సుమారు 6 సెంటీమీటర్లు తక్కువ చెప్తారు. తప్పు ఒక్క వేడి వల్లే 3 శాతం. రిపోర్టులో ఖచ్చితత్వం 98 శాతం! ఏ టేపు పెట్టి కొలిచారని అడక్కండి, ఆ అంకె పాత బ్యాచ్ రిపోర్టులోంచి స్పైరల్ బైండింగ్‌తో సహా వచ్చింది.

ఇక చెత్తబుట్ట. చెయ్యి 20 సెంటీమీటర్ల లోపలికొస్తే మూత తెరుచుకోవాలి. ఎవరూ రాకుండానే తెరుచుకుని నోరావలిస్తే ‘సెన్సార్ పాడైంది సార్’ అని నింద తమరి మీదే వేస్తారు. జరిగేది వేరు. వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద ఎకో జంపర్ వైరు కాస్త వదులైంది. ఆర్డుయినో బోర్డు ప్రోగ్రాములో ఎకో ఎంతసేపు హైలో ఉందో కొలిచే పల్స్‌ఇన్ ఫంక్షన్ పల్స్ కోసం ఒక సెకను కాచుకుని, విసుగెత్తి సున్నా ఇస్తుంది. సున్నాను 58తో భాగిస్తే సున్నాయే. సున్నా 20 కన్నా తక్కువే కాబట్టి మూత లేస్తుంది. ‘దూరం సున్నా కన్నా ఎక్కువైతేనే’ అన్న ఒక్క షరతు చేర్చి, గడువును 25 మిల్లీసెకన్లకు తగ్గిస్తే ఈ భూతం వదులుతుంది. తమరి పరిధి 4 మీటర్లు, అంతకుమించి కాచుకుని ఎవరిని ఉద్ధరించాలి?

అది సర్దినా మూత టకటకా కొట్టుకుంటుంటే నేరం 9 వోల్టుల చిన్న బ్యాటరీది. మూతనెత్తే చిన్న మోటారు సర్వో కదిలే క్షణంలో లాగే కరెంటుకు వోల్టేజీ కుంగి ఆర్డుయినో రీసెట్ అవుతుంది. లేవగానే మళ్లీ సర్వోను కదిపి మళ్లీ పడిపోతుంది. సర్వోకు విడిగా నాలుగు పెన్సిల్ సెల్స్ ఇచ్చి, రెండు గ్రౌండ్లూ (నెగటివ్ వైర్లు) కలిపి, దాని పక్కన 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలు. ఫ్లెక్సీ ఖర్చులో ఇదెంత!

చేతికర్ర దగ్గర మాత్రం హాస్యం ఆడలేం. మోకాలెత్తులో ముందుకు చూసే తమరికి 15 డిగ్రీల మేరే వినిపిస్తుంది. లారీ వెనక తలెత్తులో పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీ తమరికి లేనట్టే. మూతలేని మ్యాన్‌హోల్ నుంచి ప్రతిధ్వని రాదు గనుక ‘దారి ఖాళీ’ అంటారు. మామూలు తెల్లకర్ర కొన ఆ గుంతను బ్యాటరీ లేకుండానే పసిగడుతుంది. చూపు లేని మనిషి ఒక్కరి చేతికైనా ఈ కర్రనిచ్చి నడిపించారా అంటే లేదు. టీమ్‌లో ఒకడు కర్చీఫ్ కట్టుకుని నడిచాడు, ఫొటో తీశారు.

ఈలోగా ముఖ్య అతిథి కప్పించుకున్న శాలువాతోనే వచ్చి తమరి ముందు నిలబడతారు. మెత్తటి బట్ట తమరి కూతను మింగేస్తుంది. ‘ఆబ్స్టకిల్ నాట్ డిటెక్టెడ్’ అని ఎల్‌సీడీ మీద పడుతుంది. అందులో తమరి తప్పేమీ లేదు. జడ్జి గారు అడగాల్సింది ఇలాంటి చోటే. గోడ, గుడ్డ, ఏటవాలు అట్ట మూడింటినీ అదే దూరంలో పెట్టి ఇరవయ్యేసి రీడింగులు చూపించమంటే పది నిమిషాల పని. ఆయన అడిగింది ‘ఇందులో నావల్టీ ఏంటమ్మా?’ అని. ‘ఫ్యూచర్ స్కోప్‌లో క్లౌడ్ పెడతాం సార్’ అన్నారు. రెండో బహుమతి వచ్చింది.

ఇట్లు,
టేపు, మల్టీమీటరు చేతబట్టుకుని తిరిగేవాళ్లు.

తా.క.: ఈమధ్య తమరిని ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్‌కు కడుతున్నారు. తమరి ఎకో 5 వోల్టులు, ఆ చిప్‌కు 3.3 వోల్టులే ఇవ్వాలి. ఎకో వైరులో 1 కిలోఓమ్, అక్కణ్నుంచి గ్రౌండ్‌కు 2 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టాలి. పెట్టకపోయినా కొన్నాళ్లు నడుస్తుంది, చిక్కల్లా అదే. ‘నడుస్తోందిగా, రెసిస్టర్లెందుకు’ అనేవాడు ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు. ఫ్లెక్సీ మీద టీమ్ లీడర్‌గా అతని ఫొటోయే పెద్దది.