కార్డు లేదని పదేళ్లు బయట నిలబెట్టారు

హాలీవుడ్ ఫిల్మ్ ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ గురించి ఎవరు రాసినా మూడు ఆస్కార్ల దగ్గర మొదలుపెట్టి, దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీతో స్నేహం దగ్గర ముగిస్తారు. ‘రేజింగ్ బుల్’, ‘ది ఏవియేటర్’, ‘ది డిపార్టెడ్’... సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు ఆ జాబితా కంఠతా వచ్చు. నన్ను మాత్రం ఆమె పేరు తెరమీద పెద్దగా కనబడని కాలమే ఎక్కువ పట్టి లాగుతుంది. 1970లో వచ్చిన సంగీతోత్సవ డాక్యుమెంటరీ ‘వుడ్‌స్టాక్’కు ఆమెకు ఎడిటింగ్‌లో ఆస్కార్ నామినేషన్ దక్కింది. డాక్యుమెంటరీకి ఆ విభాగంలో నామినేషన్ రావడమే అరుదు. ఆ తర్వాత 1980లో ‘రేజింగ్ బుల్’ వచ్చేదాకా ఆమె చేతికి హాలీవుడ్ పెద్ద సినిమా ఒక్కటీ రాలేదు. ఎందుకంటే ఆమెకు ఎడిటర్ల యూనియన్ కార్డు లేదు.

కార్డు కావాలంటే ముందు ఏళ్ల తరబడి అప్రెంటిస్‌గా, ఆపైన మళ్లీ ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా పనిచేయాలన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవాలి? అప్పటికే స్కోర్సేసీ తొలి ఫీచర్ సినిమాను ఎడిట్ చేసింది. తెరను రెండు మూడు ముక్కలు చేసి, లక్షల జనం పోగైన సంగీతోత్సవాన్ని మూడు గంటల సినిమాగా నిలబెట్టిన బృందంలో ముందువరసలో ఉంది. అలాంటి మనిషిని మళ్లీ ఫిల్మ్ డబ్బాల మీద లేబుళ్లు అతికించమంటే ఏమనాలి!

ఆమె తొలి ఉద్యోగం కథ మరీ విడ్డూరం. పేపర్లో ప్రకటన చూసి చేరింది. అక్కడి పనల్లా యూరప్ దర్శకుల సినిమాలను అర్ధరాత్రి టీవీ స్లాట్‌కు సరిపోయేలా కోయడం. కథా లేదు, సన్నివేశమూ లేదు, రీలుకు ఇంత అని కోసిపారేయడమే. నిజమైన చదువు న్యూయార్క్ యూనివర్సిటీలో ఆరు వారాల వేసవి కోర్సులో దొరికింది. నెగెటివ్ తప్పుగా కోసి పాడైన స్కోర్సేసీ స్టూడెంట్ ఫిల్మ్‌ను సరిచేసింది అక్కడే.

యూనియన్ తరఫున చెప్పడానికీ ఉంది. స్టూడియోలు తెల్లవార్లూ పనిచేయించుకుని చిల్లర చేతిలో పెట్టే రోజుల్లోంచి పుట్టిన సంఘాలవి. సీనియారిటీ నిబంధన లేకపోతే నిర్మాత బావమరిది రాత్రికి రాత్రే ఎడిటర్ అయిపోతాడన్న భయం అబద్ధమేమీ కాదు. అయితే చివరికి జరిగిందేమిటి? ‘రేజింగ్ బుల్’ కోసం స్కోర్సేసీ ఆమే కావాలన్నాక తలుపు తెరుచుకుంది. అప్పటికీ ఆమె అప్రెంటిస్ ఏళ్లు పూర్తి చేయలేదు. అంటే సిఫార్సును ఆపడానికి పెట్టిన నిబంధన, పెద్దమనిషి మాటకే వంగింది.

ఇక ఆ సినిమా చూడండి. అందరూ బాక్సింగ్ రింగ్ గురించే మాట్లాడతారు. ఆ పోరాటాల ఘనత దర్శకుడిదేనని ఆమే చాలాసార్లు చెప్పింది. నా దృష్టిలో ఆమె చెయ్యి తెలిసేది టీవీ సీన్లో. బొమ్మ సరిగా రాక, కథానాయకుడైన బాక్సర్ జేక్ టీవీతో కుస్తీ పడుతుంటాడు, తమ్ముడు పక్కనే ఉంటాడు. మాట మీద మాట పెరిగి, నా భార్యతో నీకేంటి సంబంధం అన్నదాకా పోతుంది. ఆ అన్నదమ్ముల పాత్రలు వేసిన డి నీరో, జో పెస్కీ ఇద్దరూ అప్పటికప్పుడు మాటలు అల్లుకునే నటులు. అలాంటి చోట ఒక టేకులోని ప్రశ్నకు ఇంకో టేకులోని జవాబు వెతకాలి, చూపులు కలపాలి, అనుమానం ఎప్పుడు మొదలైందో ప్రేక్షకుడికి తెలియనివ్వకూడదు. స్క్రిప్టు లేని ఫుటేజ్‌లోంచి కథ తవ్వి తీయడం డాక్యుమెంటరీ ఎడిటర్‌కు రోజువారీ పని. యూనియన్ లెక్కలోకి తీసుకోని ఆ ఏళ్లే ఇక్కడ అక్కరకొచ్చాయి. స్కోర్సేసీ అపార్ట్‌మెంట్‌లో రాత్రిళ్లు కూర్చుని చేసిన ఆ ఎడిటింగ్‌కే తొలి ఆస్కార్ వచ్చింది.

ఈ జబ్బు ఒక్క హాలీవుడ్‌దే అనుకోకండి. అనుభవాన్ని ఏళ్లతో కొలవడం మన ఆఫీసుల్లో, కాలేజీల్లో, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో రోజూ చూస్తున్నదే. పదేళ్లు చేశాడా, ఒకే ఏడాది పనిని పదిసార్లు చేశాడా అని అడిగే నాథుడు లేడు. హైదరాబాద్ కృష్ణానగర్లో సినిమా అవకాశాల కోసం తిరిగే కుర్రాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా ‘కార్డుందా’ అనే. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు వేతనాల కోసం సమ్మె చేశారు. యూనియన్‌లో లేనివాళ్లతోనూ పని చేయించుకుంటామని నిర్మాతలు బెదిరించారు. వేతనం విషయంలో నేను కార్మికుల పక్షమే, అందులో రెండో మాట లేదు. కానీ కార్డు అంత తేలిగ్గా దొరికేదే అయితే, నిర్మాత చేతికి ఆ బెదిరింపు అనే ఆయుధమే దొరికేది కాదు. బయట పడిగాపులు కాస్తున్నవాళ్లంతా లోపలే ఉండేవాళ్లు, వాళ్లూ సమ్మెలో కూర్చునేవాళ్లు.

2024లో ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’కు థెల్మాకు తొమ్మిదో నామినేషన్ వచ్చింది. అప్పటికి ఆమెకు 84 ఏళ్లు. మరే ఎడిటర్‌కూ అన్ని నామినేషన్లు లేవు. మన సంఘాలు నిజంగా పనితనాన్నే కాపాడాలనుకుంటే దరఖాస్తులో ‘ఎన్నేళ్లు’ అనే గడి కొట్టేసి, పది నిమిషాల ఫుటేజ్ చేతికిచ్చి ఎడిట్ చేసి తెమ్మనాలి. నచ్చితే అదే రోజు కార్డు ఇచ్చేయాలి, చందా మొదటి జీతంలోంచి తీసుకోవచ్చు.