24 రాకపోతే రాదని రాసేస్తారా?

పిల్లలు ఎందుకు చెడిపోతున్నారంటే అందరూ తలో కారణం చెబుతున్నారు. ఫోన్లంటారు, రీల్సంటారు, పిజ్జాలంటారు. నేను చెప్పేది వేరు. అసలు ప్రమాదం అరచేతిలో పట్టే అట్టముక్కల రూపంలో, మెదడుకు మేత అనే మంచి పేరు పెట్టుకుని ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది. పైగా దాన్ని డబ్బిచ్చి కొని తెచ్చేది తల్లిదండ్రులే.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కార్డు మీద నాలుగు అంకెలుంటాయి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, కావాలంటే బ్రాకెట్లు. నాలుగు అంకెలూ వాడాలి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడాలి, చివరికి 24 తేవాలి. అంతే ఆట. అమెరికాలో రాబర్ట్ సన్ అనే ఆయన 1988లో దీన్ని పెట్టెలో పెట్టి అమ్మాడు. చైనాలో అయితే పేకముక్కలతోనే ఆడేస్తారు, రాణికి 12, రాజుకి 13 లెక్కన. పేకముక్కలు చేతిలో ఉండగా భాగహారం చేసుకునే జనాన్ని చూస్తే నాకు జాలేస్తుంది, కానీ అది వాళ్ళ దేశం విషయం.

ఉద్యోగ జీవితమంతా అకౌంట్స్ సెక్షన్లో గడిపినవాణ్ణి కాబట్టి మొదట్లో ఈ ఆట నాకు నచ్చిందనే చెప్పాలి. ఎందుకంటే ఇందులో టార్గెట్ ముందు, లెక్క తర్వాత. ఏ పనైనా ఇలాగే జరగాలి. తొమ్మిదో శతాబ్దంలో గణితసారసంగ్రహం రాసిన మహావీరాచార్యుడు (మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే) 139ని 109తో గుణించమంటాడు. చేస్తే 15151, ఎటునుంచి చదివినా ఒకటే, హారంలా ఉంటుంది. ఆయనకి 139 మీద ప్రత్యేకమైన ప్రేమ ఉండి ఆ లెక్క ఇచ్చాడంటే నేను నమ్మను. 15151 ముందే అనుకుని, దానికి తగ్గ లెక్కని తర్వాత వెతుక్కుని ఉంటాడు. మంచి అధికారి లక్షణం అది.

ఈ విద్య మన విద్యావ్యవస్థలో ఇప్పటికీ బతికే ఉంది. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో లఘులోలకం ప్రయోగం గుర్తుంది కదా. దారానికి గుండు కట్టి ఊపి, 20 డోలనాలకు ఎంత టైం పట్టిందో చూసి, దాంట్లోంచి g విలువ, అంటే భూమి లాగే జోరు, కట్టాలి. 980 రావాలి. అది రావాలని గుండు ఊగకముందే క్లాసులో అందరికీ తెలుసు. మీటరు పొడవు దారానికి స్టాప్‌వాచ్‌లో 37 సెకన్లు వచ్చిందనుకోండి, ఫ్యాన్ గాలి వల్లో, లెక్కపెట్టేవాడు కిటికీలోంచి బయటికి చూడటం వల్లో, అప్పుడు g 1153 అవుతుంది, అంటే ఆ మధ్యాహ్నం ఆ ఒక్క ల్యాబులో భూమి బరువెక్కిపోయిందన్నమాట. ఏ కుర్రాడైనా అలా రాస్తాడా? 980 దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుచుకుంటూ వచ్చి 40.1 అని ఒక గడిలో, అనుమానం రాకుండా 40.2 అని ఇంకో గడిలో వేస్తాడు. రికార్డు మీద సంతకం పడుతుంది. ఇంత చక్కటి శిక్షణ పొందిన పిల్లల చేతిలో ఇప్పుడు 24 కార్డులు పెడుతున్నారు.

మా ఇంట్లోనే చూశాను. మనవడు కార్డులు అయిపోయి, సొంతంగా అంకెలు రాసుకుని ఆడుతున్నాడు. 1, 1, 1, 1 వచ్చింది. వాడు ఒక్క నిమిషం చూసి, "ఇది రాదు తాతయ్యా" అన్నాడు.

"ఇంకాస్త ఆలోచించరా."

"ఎంత ఆలోచించినా రాదు. వీటితో నాలుగు దాటదు." అని ఇంకో నాలుగు అంకెలు రాసుకున్నాడు.

వాడి మొహంలో సిగ్గు లేదు, టెన్షన్ లేదు. నా సర్వీసు మొత్తంలో ఏ ఫైలు మీదా "రాదు" అనే మాట నేను రాయలేదు. పరిశీలనలో ఉంది అని రాశాను, సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమైంది అని రాశాను, సంబంధిత విభాగం నుంచి వివరాలు రావలసి ఉంది అని లెక్కలేనన్నిసార్లు రాశాను. ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరూ బెదిరించకుండానే, ఉన్నదున్నట్టు "రాదు" అనేసే పిల్లవాడు రేపు ఏ ఆఫీసులో ఇముడుతాడు?

పోనీ వచ్చే లెక్కలైనా పద్ధతిగా ఉన్నాయా అంటే, అవీ లేవు. 3, 3, 8, 8 తీసుకోండి. ఈ ఆటలో పేరుమోసిన కార్డు ఇది. ఎలా కలిపినా, ఎలా గుణించినా 24 పక్క నుంచి వెళ్ళిపోతుంది తప్ప చేతికి చిక్కదు. సమాధానం ఏమిటంటే 8ని 3తో భాగించి, దాన్ని 3లోంచి తీసేసి, మిగిలిన దానితో 8ని భాగించాలట. మిగిలేది 1/3. ఎనిమిదిని మూడో వంతుతో భాగిస్తే 24. లెక్క సరిగ్గానే ఉంది, నేను రెండుసార్లు సరిచూశాను. కానీ ఇచ్చినవి నాలుగు పూర్ణాంకాలు, కావలసింది ఒక పూర్ణాంకం, మధ్యలో ఈ మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి వోచర్ ఏది? ఆడిట్‌వాళ్ళు అడిగితే బ్రాకెట్లో ఉందండీ అంటే ఒప్పుకుంటారా?

ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ళు కాస్త నయం. 1982లో ఛానెల్ ఫోర్ మొదలైన రోజే కౌంట్‌డౌన్ అనే కార్యక్రమం కూడా మొదలైంది, ఫ్రెంచి టీవీలో అప్పటికే నడుస్తున్న ఆటని తెచ్చుకుని. ఆరు సంఖ్యలిస్తారు, మూడంకెల టార్గెట్ ఇస్తారు, 30 సెకన్లు టైం. సరిగ్గా తెస్తే 10 మార్కులు. అయిదు లోపు తేడాతో వస్తే 7, పది లోపు తేడాకి 5. చూశారా, ఎంత మానవత్వం! దగ్గరికి వచ్చినవాడికి కూడా ఏదో ఒకటి ముట్టజెప్పే వ్యవస్థ అంటే వెనకటికి మనల్ని పాలించినవాళ్ళు కాబట్టే తెలిసింది. 24 కార్డులో 23 తెచ్చినవాడికీ, అసలు ప్రయత్నించనివాడికీ ఒకే గౌరవం, అంటే ఏమీ లేదు.

అదే కార్యక్రమంలో ఒకసారి 25, 50, 75, 100, 3, 6 ఇచ్చి 952 తెమ్మన్నారు. ఒకాయన 100కి 6 కలిపి, మూడుతో గుణించి, దాన్ని తీసుకెళ్ళి 75తో గుణించాడు. 23,850. కావలసింది వెయ్యి కూడా కాదు, ఆయన పాతికవేల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు! తర్వాత తాపీగా 50 తీసేసి, 25తో భాగించి 952 చేతిలో పెట్టాడు. అందరూ ఆశ్చర్యపోయారట గానీ నాకు ఆ 23,850 వరకూ కొత్తేమీ కనిపించలేదు, మన దగ్గర ప్రతి కల్వర్టు ఎస్టిమేటూ అక్కడిదాకా సులువుగానే వెళుతుంది. మళ్ళీ 952కి దిగడం మాత్రం, నిజం చెప్పాలంటే, నేను ఎప్పుడూ చూడలేదు.

మన జనం మాత్రం ఈ ఆటని ఎవరూ నేర్పకుండానే, సరైన పద్ధతిలో ఆడుతున్నారు. బండి నంబరులో నాలుగు అంకెలు, టార్గెట్ 9. కూడిక ఒక్కటే గుర్తు. 4815 అంటే 18, మళ్ళీ కలిపితే 9, కొబ్బరికాయ కొట్టెయ్. 8 వస్తే శని, 4 వస్తే ఇంట్లో గొడవ. ఇందులో విశేషం ఏమిటంటే 1 నుంచి 9999 వరకూ ఉన్న నంబర్లలో కలిపితే 9 వచ్చేవి సరిగ్గా 1111, అంటే తొమ్మిదిమందిలో ఒకరికి ఊరికే వచ్చి పడుతుంది ఈ అదృష్టం. అలా ఊరికే వచ్చిన తొమ్మిదికి విలువేముంది? అందుకే 9999 కోసం వేలంపాటలో లక్షలు పోస్తారు. నాలుగు తొమ్మిదులు కలిపితే 36, దాన్ని కలిపితే 9, 4815 వాడికి వచ్చిన తొమ్మిదే. కానీ గణితంలో నాలుగు గుర్తులుంటే మనకి అయిదోది ఉంది, రూపాయి గుర్తు. అది వేసిన తర్వాత వచ్చిన తొమ్మిది కాస్త పెద్దగా కనిపిస్తుంది.

గుర్తుల సంగతి వచ్చింది కాబట్టి గణితంలో నాకు ఎంతో ఇష్టమైన గుర్తు గురించి చెప్పాలి. ఆశ్చర్యార్థకం. దాన్ని వాళ్ళు క్రమగుణితం అంటారు. 4 పక్కన అది పెడితే ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నీ గుణించి 24 అయిపోతుంది. అంటే మావాడు రాదన్న 1, 1, 1, 1 నాలుగూ కలిపి, బ్రాకెట్ వేసి, పక్కన ఒక్క ఆశ్చర్యార్థకం పెడితే 24 వచ్చేస్తుంది! కానీ కార్డు నిబంధనల్లో ఈ గుర్తు లేదు. సభకి వచ్చిన నాలుగువేల మందిని మర్నాడు పేపర్లో ఎన్ని వేలు చేయాలో తెలిసినవాళ్ళెవరూ ఆ నిబంధనలు రాసి ఉండరు.

నాలుగు నాలుగుల ఆట కూడా ఉంది. నాలుగు 4లు మాత్రమే వాడి సున్నా, ఒకటి, రెండు అంటూ వరసగా అన్నీ తేవాలి. ఇది నూరేళ్ళకు పైబడిన ఆట. ఇందులో 4ని ఎలా తెస్తారో చూడండి. నాలుగులోంచి నాలుగు తీసేసి, వచ్చిన సున్నాని ఇంకో నాలుగుతో గుణించి, దానికి చివరి నాలుగుని కలుపుతారు. ముగ్గురు కష్టపడి సున్నా తయారు చేశారు, పని నాలుగోవాడు ఒక్కడే చేశాడు, హాజరుపట్టీలో నలుగురూ ఉన్నారు, టార్గెట్ పూర్తయింది. ఇంత వాస్తవికమైన సమీకరణం నేను ఇంకెక్కడా చూడలేదు. నేను పనిచేసిన సెక్షన్లో ఆ బ్రాకెట్ లోపల ఎవరెవరు కూర్చునేవారో కూడా చెప్పగలను, కానీ వద్దు, కొందరికి పెన్షన్ కాగితాలు ఇంకా కదలలేదు.

ఈ రంగంలో నేను చేతులెత్తి నమస్కరించేది మాత్రం ఒక్కరికే. 1933లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న పాల్ డిరాక్. నాలుగు 2లతో ఎంతవరకు వెళ్ళగలరని జనం కుస్తీ పడుతుంటే ఆయన మూడింటితోనే ఏ సంఖ్యనైనా తెచ్చే మార్గం చెప్పాడంటారు. 2 తీసుకుని దానికి వర్గమూలం మీద వర్గమూలం వేసుకుంటూ పో. రెండు ఆధారంగా లాగరిథమ్ (రెండుని ఏ ఘాతానికి పెంచితే ఆ సంఖ్య వస్తుందో చెప్పే లెక్క) తియ్యి, మళ్ళీ తియ్యి, ముందు మైనస్ పెట్టు. ఎన్ని వర్గమూలాలు వేశావో ఆ సంఖ్యే బయటికొస్తుంది. 24 కావాలంటే 24 వర్గమూలాలు, ఏడు లక్షలు కావాలంటే ఏడు లక్షల వర్గమూలాలు. దీని గొప్పతనం అకౌంట్స్‌వాళ్ళకే అర్థమవుతుంది. మామూలు వర్గమూలానికి గుర్తు వేస్తే చాలు, అంకె రాయక్కర్లేదు. అంకె రాయలేదు కాబట్టి వాడినట్టు లెక్క కాదు. టార్గెట్ ఎంతో అంతా తీసుకెళ్ళి ఖర్చు చూపించక్కర్లేని హెడ్ కింద దాచేసి, చివర్లో అదే మొత్తాన్ని వసూలైనట్టు చూపించడం! ఇలాంటి మనిషిని ఏం చేయాలి? కనీసం ఆర్థికశాఖలో సలహాదారుగా వేసుకోవాలి. ఈ పజిల్స్‌వాళ్ళు ఏం చేశారంటే, ఇక ఆడటానికి ఏమీ మిగలదని చెప్పి, చాలామంది లాగరిథమ్‌నే ఆటలోంచి బహిష్కరించారు. సులువుగా పని జరిగే దారి కనిపిస్తే దాన్ని మూసేసి కష్టమైన దారిలో నడుస్తామనే ఈ మనుషులతో ఎలా వేగాలో తెలియదు.

ఇందర్ తనేజా అని బ్రెజిల్‌లో స్థిరపడిన భారతీయ గణితవేత్త ఉన్నారు. 1 నుంచి 9 వరకు అంకెల్ని అదే వరసలో ఉంచి, మధ్యలో గుర్తులు పెట్టుకుంటూ, కావాలంటే పక్కపక్క అంకెల్ని కలిపేసుకుంటూ, 0 నుంచి 11111 దాకా ప్రతి సంఖ్యనీ రాసుకుంటూ పోయారు. అన్నీ వచ్చాయి. ఒక్క 10958 రాలేదు. పదకొండు వేల పైచిలుకు సంఖ్యల్లో ఒక్కటి! పట్టికలో ఆ ఒక్క గడిలో పైదే కిందికి లాగేసి ఉంటే చూసేవాడెవడు? ఆయన మాత్రం ఇది దొరకలేదని బహిరంగంగా అచ్చేశారు. దాంతో లోకంలో పనిలేని వాళ్ళందరికీ పని దొరికింది. చివరికి మ్యాట్ పార్కర్ అనే ఆయన లెక్క చేసి వచ్చిన జవాబుల్ని కూడా పక్కపక్కన అతికించడాన్ని ఒక గుర్తుగా ఒప్పుకుంటే 10958 వస్తుందని చూపించాడు. ఇది నాకు నచ్చింది. పని కాకపోతే నిబంధన సవరించాలి, అది మనకి కొత్తా? కానీ అలా వచ్చింది నిజమైన పరిష్కారం కాదని గొణిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

కాబట్టి ప్రభుత్వం వెంటనే కలగజేసుకుని ఈ ఆటల నిబంధనల్ని సవరించాలని కోరుతున్నాను. ఒక అంకెని ఒక్కసారే వాడాలన్న షరతు తీసేయాలి. ఒకే రోడ్డుని మూడు పథకాల కింద వేసిన అనుభవం ఉన్న దేశంలో అది అవమానకరం. ఈ కార్డులో అంకె చాలకపోతే వచ్చే కార్డులోంచి అడ్వాన్సుగా తెచ్చుకోనివ్వాలి. 22 దాటి వచ్చినవన్నీ 24గానే పరిగణించాలి, మిగతావాటి మీద కమిటీ వేయాలి, కమిటీలో రిటైర్డ్ ఉద్యోగులకి చోటుండాలి, ప్రయాణభత్యం విషయం తర్వాత మాట్లాడుకోవచ్చు. అప్పటికీ 1, 1, 1, 1 దగ్గర నాలుగు దాటకపోతే కంగారు పడనక్కర్లేదు, ఆ కార్డు వరకు టార్గెట్‌ని 24 నుంచి 4కి సవరిస్తే నూటికి నూరు శాతం సాధించినట్టే. అందుకు తగిన ఉత్తర్వు డ్రాఫ్టు నా దగ్గర టైపు చేసి సిద్ధంగా ఉంది. తేదీ మాత్రం ఖాళీగా వదిలాను. ఎప్పుడు సంతకం అయినా మార్చి 31 అనే వేసుకోవచ్చు.