గోడకు కార్తీక స్నానం

నెల్లూరులో అద్దె ఇల్లు చూసేది మే నెలలో. పిల్లల బళ్ళు తెరిచేలోపు సామాను దించేయాలని అందరికీ తొందర. రోహిణీ కార్తె ఎండకు పెన్నలో ఇసుక వేగిపోతుంటే, ఇంట్లో గోడలు కొత్త రంగు వేసుకుని అప్పడాల్లా ఎండి నిలబడి ఉంటాయి. ఓనరు పెద్దాయన అరచేత్తో గోడ మీద రెండు దెబ్బలు వేసి, "గట్టి కట్టుబడి నాయనా, సొంతానికి కట్టుకున్న ఇల్లు" అంటాడు. అందులో అబద్ధం లేదు. గోడ గట్టిదే. చూడ్డానికొచ్చిన నెలే సరైంది కాదు.

ఈ తట్టున వానంటే ఈశాన్య ఋతుపవనాల వానే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం లేవడం, అది వాయుగుండం కావడం, నెల్లూరుకూ చెన్నైకీ మధ్య ఎక్కడ దిగాలో తేల్చుకోలేక మూడు రోజులు తచ్చాడడం. ఆ మూడు రోజుల్లోనే గోడ తన అసలు గుణం బయటపెడుతుంది.

వేదాయపాళెంలోనో స్టోన్‌హౌస్‌పేటలోనో, కింద అద్దెకున్నవాళ్ళు, పైన ఓనరు ఉండే మిద్దె ఒకటి అనుకోండి. కింద పడకగదిలో, బీరువాకు పైన, స్లాబుకు జానెడు కింద, మొదట పులిబొంగరమంత మచ్చ. దీపావళికి కారం దోసెంత. అంచు చుట్టూ తెల్లటి పొడి, పంచదార చల్లినట్టు. అది బూజు కాదు, ఉప్పు. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న ఉప్పును నీళ్ళు కరిగించుకుని గోడ పైకి తెచ్చి, తాము ఆవిరై పోతూ దాన్ని అక్కడ వదిలేస్తాయి. గోడ చౌడెక్కింది అనేది దీన్నే. కాస్త గీరి నీటిచుక్కలో వేస్తే కరిగిందా, ఉప్పు. కరక్కుండా తేలిందా, బూజు. నాలుక మీద వేసుకుని చెప్పే మేస్త్రీలూ ఉన్నారు, వాళ్ళ దారి వాళ్ళది.

అసలు బూజు ఉండేది కాస్త దిగువన, గోడకు అతికించినట్టు పెట్టిన బీరువా వెనక, గాలి తగలని చోట. తాలింపులో ఆవాలు చింది గోడకంటుకున్నట్టు నల్లటి చుక్కలు. బీరువా తలుపు తీస్తే ముక్కిపోయిన బియ్యం వాసన. వెంకటగిరి చీర మడత మీద బూడిదరంగు నూగు. తోలు బెల్టు మీద ఇంకా దట్టంగా, ఆ దూడకు మళ్ళీ ప్రాణమొచ్చి బొచ్చు మొలుస్తోందేమో అన్నట్టు.

మచ్చ కనపడ్డ గంటలో ఇంటికో పంచాంగం తయారవుతుంది. ఓనరు చూసి, "చలికాలం గదా అబ్బయ్యా, గోడలకు చెమట పడతా ఉండాది" అన్నాడు. ఓనరు భార్య మెట్ల మీద నుంచే, "తడి బట్టలు లోపలారేస్తే ఇట్టనే ఉంటది. పైగా పొద్దస్తమానం చేపల పులుసు మరగబెడతా ఉంటిరి" అంది. రంగులేసే అతను రంగు నాణ్యత లేదన్నాడు. పక్కింటాయన దిక్కులు చూసి, "ఈశాన్య మూల సార్ ఇది. ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదే" అని అభినందించి వెళ్ళాడు.

నీళ్ళు గోడలోకి వచ్చే దారులు లెక్కకు నాలుగే. నేలలోంచి పైకి పాకే నెమ్ము ఒకటి, అది మామూలుగా మూడడుగుల లోపే ఆగిపోతుంది. స్లాబు దగ్గరికెక్కే ఓపిక దానికి లేదు కాబట్టి ఇక్కడ దాన్ని వదిలేయొచ్చు. బయటి నుంచి వాన రెండోది, గోడ పగులులోంచో, సన్‌షేడు గోడను కలిసే సందులోంచో వస్తుంది. పైపు, బాత్రూమ్ మూడోది. గాలిలో ఆవిరి చల్లటి గోడ మీద నీరుగా పట్టడం నాలుగోది, ఏసీ గదుల్లో ఎక్కువ.

ఓనరు భార్య మాటను కొట్టిపారేయడానికి లేదు. ముసురు రోజుల్లో ఒక వాయి బట్టలు ఇంట్లో ఆరితే లీటరో, రెండు లీటర్లో నీళ్ళు ఆ గది గాలిలోనే చేరతాయి. కిటికీ మూసుంటే అవి పోయేదెక్కడికి? బీరువా వెనక్కే. పులుసు మీద మూత పెట్టి, వంటింటి ఫ్యాను తిప్పి, బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపితే చుక్కల్లో సగం తగ్గుతాయి. పైనున్న దోసె మచ్చ మాత్రం పులుసుకు లొంగేది కాదు.

అది ఆవిరా, గోడలోంచి వచ్చే తడా అని తేల్చడానికి చపాతీలు చుట్టే సిల్వర్ కాగితం చాలు. అడుగు చదరం ముక్క కత్తిరించి, ఫ్యాను గాలికి గోడ పైపైన ఆరనిచ్చి, నాలుగంచులూ సందు లేకుండా వెడల్పు టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయాలి. కాగితం పైన తడి పడితే గదిలోని ఆవిరి. కాగితం వెనక తడి ఉంటే గోడే కక్కుతోంది. చెప్పినంత తేలిక కాదు, తడి గోడకు టేపు అంటదు. అంటించిన ప్రతిసారీ అర్ధరాత్రి పటపటమని ఊడి మంచం మీద పడుతుంది. టేపు పడే చోట మాత్రం పొడి గుడ్డతో గట్టిగా రుద్ది అంటించాక నిలిచింది. రెండో రోజు తీస్తే పైన పొడి, వెనక చెమటలు.

ఇక పెన్సిల్ పని. మచ్చ అంచు వెంబడి గీత గీసి పక్కన తేదీ, టైము రాయడం. పదిరోజులు గీసేటప్పటికి గోడ మీద చెట్టు మొద్దు కోసినట్టు వలయాలు. వాటిని చదివితే కథంతా ఉంది. వాన లేని రోజు కూడా గీత జరిగింది, కాబట్టి వాన కాదు. సోమవారం గీతకూ మంగళవారం గీతకూ మధ్య రెండు వేళ్ళ ఎడం, మిగతా రోజుల్లో అందులో సగం. కార్తీక సోమవారం పైన ఇంటిల్లిపాదికీ తలస్నానం.

నేరుగా బాత్రూమ్ పేరెత్తితే సంసారాలు చెడతాయి, ముందు ట్యాంకు చూడాలి. రాత్రి పదింటికి అన్ని కుళాయిలూ కట్టేసి మిద్దె మీద ట్యాంకులో నీటిమట్టానికి గుర్తు పెట్టి, తెల్లవారుజామున ఎవరూ కుళాయి తిప్పకముందే చూడాలి. మట్టం దిగితే సరఫరా పైపో, ఫ్లష్ ట్యాంకో కారుతున్నట్టు. ఫ్లష్ ట్యాంకులో కాస్త తినే రంగు కలిపి, నొక్కకుండా పావుగంట ఆగితే, కిందికి రంగు దిగిందో లేదో అదీ తెలుస్తుంది. ఇక్కడ మట్టం దిగలేదు, రంగూ దిగలేదు. అంటే నీళ్ళు వచ్చే పైపుది తప్పు కాదు, పోయే దారిది.

"సార్, పైన ఆ బాత్రూమ్ రెండు రోజులు వాడకుండా ఉంటే తేలిపోద్ది."

"వాడకుండా అంటే?"

"చుక్క నీళ్ళు పడకుండా సార్."

పెద్దాయన వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించాడు. "ఇది కార్తీక మాసం అబ్బయ్యా. మా ఇంట్లో ఆమె నాలుక్కే లేచి తలకు పోసుకుంటా ఉండాది. ఈ మాట నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు."

పైన రెండో బాత్రూమ్ ఉంది. దాంట్లో గీజరు లేదు. పౌర్ణమి దాటాక అన్న షరతు మీద ఒప్పందం కుదిరింది. మొదటి రోజు చన్నీళ్ళు. రెండో రోజు చన్నీళ్ళు. కింద గీత మాత్రం జరుగుతూనే ఉంది. పెద్దాయన పంచె ఎగ్గట్టి కిందికొచ్చి, "చూసినావా? మా బాత్రూమ్ కాదంటే నమ్మితివా?" అన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు గృహప్రవేశం నాడు కూడా ఉండి ఉండదు.

పొరపాటు ఎక్కడంటే, పాత మిద్దెల్లో బాత్రూమ్ కింద స్లాబును పల్లంగా పోసి, పైపులు పరిచి, ఇటుక ముక్కలతో పూడుస్తారు. కారిన నీళ్ళు ముందు ఆ ముక్కల మధ్య నిలుస్తాయి, నిండాకే గోడలోకి దిగుతాయి. పైన స్నానాలు ఆపినా ఆ గుంటలో ఉన్నది దిగిపోయేదాకా మచ్చ పెరుగుతుంది. నాలుగు రొయ్య పిల్లల్ని వదిలి ఏరేటరు తిప్పుకోదగ్గ గుంట అది. రెండు రోజులన్న పరీక్ష ఐదు రోజులైంది. ఐదో రోజు గీత ఆగింది. ఆ ఐదు రోజుల చన్నీళ్ళ తాలూకు మాటలు మెట్ల మీద నుంచి చాలానే వినపడ్డాయి, అవి ఇక్కడ అనవసరం.

ఆరో రోజు నీళ్ళు పోయే జాలీ కంతను ప్లాస్టిక్ కవరులో గుడ్డ కుక్కి బిగించి, నేల మీద అంగుళం లోతు నీళ్ళు నిలిపారు. ఒక పగలు, ఒక రాత్రి. మట్టం చెదరలేదు, నేల టైల్సు అమాయకులు. తరవాత గుడ్డ తీసేసి, జిలేబీ రంగు కలిపిన నీళ్ళు రెండు బకెట్లు ఆ కంతలోకే పోశారు. రంగు దిగకపోయినంత మాత్రాన పైన తప్పు లేదని అనుకోకూడదు, ఇటుక, సిమెంటు కొంత రంగును మింగేస్తాయి. ఇక్కడ మింగలేదు. మూడో రోజు పొద్దున బీరువా పైన మచ్చ అంచున సన్నగా, స్పష్టంగా, జిలేబీ చుట్టు.

పెద్దాయన చాలాసేపు చూసి, "ఇది గోడకు పాత రంగేమో" అన్నాడు.

సాయంత్రానికి కిలో వైట్ సిమెంటు ప్యాకెట్టు తెచ్చి, తనే కూర్చుని టైల్స్ సందులన్నీ పూడ్చాడు. ఇంటింటా జరిగే పని ఇది. సందు పూడిస్తే చూడ్డానికి తెల్లగా ఉంటుంది, కానీ కారేది సందులోంచి కాదు, కింద పైపు అతుకులోంచి. నాలుగు రోజులకు గీత మళ్ళీ కదిలింది.

బేల్దారి వచ్చి జాలీ చుట్టూ పగలగొడితే మూడు గంపల నీళ్ళోడే ఇటుక ముక్కలు, వాటి కింద అసలు దొంగ. ప్లాస్టిక్ పైపును, ట్రాపును (జాలీ కింద నీళ్ళు నిలిచే వంపు) కట్టేటప్పుడు గమ్ము పెట్టకుండా సిమెంటుతో అతికారు. నున్నటి ప్లాస్టిక్‌ను సిమెంటు పట్టుకోదు, ఆరి ముడుచుకున్నాక వెంట్రుకంత సందు మిగులుతుంది. ఆ సందు ఏళ్ళ తరబడి స్నానాలను కింది గదికి పంపించింది.

చేయాల్సిన తీరు ఇది: కొత్త ట్రాపును పైపుకు గమ్ముతోనే అతకాలి. ట్రాపు చుట్టూ, ఆరాక కుంచించుకుపోని గ్రౌటు (సందులు పూడ్చే సిమెంటు ముద్ద) నింపాలి. మూలలు గుండ్రంగా తీర్చి, నేల మీదా, గోడల మీద అడుగు ఎత్తు దాకా, షవర్ పక్కన ఆరడుగుల దాకా వాటర్‌ప్రూఫ్ పూత రెండు చేతులు వేయాలి. మొదటిది ఆరాకే రెండోది. టైల్సు వేయకముందే నీళ్ళు నిలిపి 48 గంటలు చూడాలి. టైల్సు వేసేటప్పుడు జాలీ వైపుకు అడుగుకు పావు అంగుళం వాటం. బేల్దారిని తొందర పెడితే ఎగిరిపోయేది ఆ 48 గంటల పరీక్షే, అదొక్కటి వదులుకోకూడదు.

ఖర్చు సంగతి. ఓనరు చేయాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా సహేతుక కాలంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకుని వడ్డీతో అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతుంది, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే. ఆ కాగితం ప్రింటు తీసి బీరువాలో పెట్టుకున్నారు. దానికీ బూజు పట్టింది.

నీళ్ళు ఆగాకే బూజు తుడవాలి, ముందు తుడిచినదంతా వృథా. కిటికీ తెరిచి, లోపలి తలుపు మూసి, ఎన్-95 మాస్కు, చేతులకు తొడుగులు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పూట ఇంట్లో ఉండకూడదు. పొడి చీపురుతో దులిపితే గోడ మీదిది ఇల్లంతా పంచినట్టే. ముందు తడిపి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయాలి. మొండి చుక్కల మీద తెల్ల వెనిగర్ నీళ్ళు కలపకుండా చల్లి గంట ఆగి తుడవాలి. బ్లీచింగ్ పౌడరులో బాత్రూమ్ యాసిడ్ గానీ వెనిగర్ గానీ కలపడం మాత్రం వద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఇందులో తమాషా ఏమీ లేదు. చీరను బయటికి తెచ్చి నీడన ఆరనిచ్చి మెత్తటి బ్రష్‌తో దులపాలి. నూగు మీద ఇస్త్రీ పెడితే మరక అక్కడే కాపురం పెడుతుంది. పరుపు, దిండ్లు ఎండలోకి.

చివరికి ఎండడం. గోడ మందం అంగుళానికి నెల అని మేస్త్రీల మోటు లెక్క, నాలుగున్నర అంగుళాల గోడకు నాలుగైదు నెలలు. ఊడిన రంగూ పెళ్ళలూ గీకేసి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి వదిలేయాలి. కడిగితే ఉప్పు మళ్ళీ గోడలోకే పోతుంది. ఫ్యాను తిప్పుతూ సిల్వర్ కాగితం వెనక పొడిగా వచ్చేదాకా ఆగాలి. పెద్దాయన సంక్రాంతి దాకా కూడా ఆగలేదు. రంగులతన్ని పిలిచి పెన్సిల్ గీతల్లో అన్నిటికన్నా బయటిదాన్ని హద్దుగా చూపించి, దాని లోపలంతా పుట్టీ, ఎమల్షను కొట్టించాడు. ఎమల్షను పొర లోపలి ఆవిరిని బయటికి సరిగా పోనివ్వదు. కనుమ నాటికి గోడ మీద పూరీలు పొంగాయి, వేలితో నొక్కితే పుసుక్కుమని చుక్క నీళ్ళు.

మే నెలకు గోడ తనంతట తానే ఎండింది. ఒప్పందం పదకొండు నెలలదే కాబట్టి ఇల్లు ఖాళీ చేసే రోజూ దగ్గరపడింది. పెద్దాయన గది గది తిరిగి చూసి బీరువా జరిపిన చోట ఆగాడు. రంగు హద్దు పక్కన, చెక్కుచెదరకుండా, పెన్సిల్ గీత, "కార్తీక సోమవారం, పొద్దున 5-30".

"ఇదేంది అబ్బయ్యా? పిల్లోళ్ళని ఇట్టా గోడలు గీకనిస్తారా యాడన్నా?" అన్నాడు. గోడకు రంగు ఖర్చు అడ్వాన్సులో పట్టుకున్నాడు.