సీమకు పోయిన కాకిబంగారం

మా సైదాపురం వైపు నేల ఎండకు మెరుస్తుంది. చిన్నప్పుడు మైకా, అంటే అభ్రకం, గని దిబ్బల మీద ఆడుకుని ఇంటికొస్తే కాళ్లకూ నిక్కరు జేబులకూ అభ్రకం పొడి అంటుకుని ఉండేది. దాన్ని మేం కాకిబంగారం అనేవాళ్లం. మా అమ్మమ్మ పెళ్లికి ముందు నుంచే షెడ్డులో పొరలు తీసేది. "ఇదంతా యాడికి పోద్ది అమ్మమ్మా?" అని అడిగితే "సీమకు పోద్ది నాయనా, దొరలకి" అనేది. సీమంటే ఇంగ్లండు. దొరలు దాంతో ఏం చేస్తారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్య నేనుంటున్న చోట ఒక గరాజ్ సేల్‌లో పాత వాల్వు రేడియో కొన్నాను. వెనక అట్ట విప్పి, ఒక వాల్వు ఊడదీసి దీపం దగ్గర పెట్టి చూశాను. రేడియో సిగ్నల్‌ను పెంచే బొటనవేలంత గాజు బుడ్డి అది. లోపల సన్నటి తీగలు, రేకు గొట్టం. అవి కదలకుండా పైనా కిందా పట్టుకుని రెండు పల్చటి బిళ్లలు. రూపాయి బిళ్ల కంటే చిన్నవి. వాటికి సూదితో పొడిచినట్టు చిల్లులు, అంచు చుట్టూ రంపం పళ్లు. ఆ పళ్లు గాజుకు ఆనుకుని ఉన్నాయి. చూడగానే పోల్చుకున్నాను. అభ్రకం.

చిన్న చిన్న వస్తువులు యుద్ధాల తీరే మార్చేశాయని చదువుతుంటాం. పాదం ఆనించుకోవడానికి రికాబు వచ్చాక గుర్రపు రౌతు పట్టు పెరిగింది. ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ పశువులను ఆపడానికి చేసిన ముళ్లతీగకు 1874లో పేటెంటు వచ్చింది. నలభై ఏళ్లు తిరిగేసరికి అదే తీగ యూరప్ కందకాల ముందు సైనికుల ప్రాణాలు తీసింది. దాన్ని తొక్కుకుంటూ పోవడానికి 1916లో ట్యాంకును దించాల్సి వచ్చింది. ఇదంతా నిజమే. కానీ ఈ కథల్లో కనిపెట్టినవాడి పేరుంటుంది, గెలిచిన సేనాని పేరుంటుంది. ఆ వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఉండదు. నా అభ్యంతరం అక్కడే.

అభ్రకం సంగతే తీసుకోండి. తొలినాటి వైర్‌లెస్ సెట్లలో కరెంటును నిలవ ఉంచడానికి లేడెన్ జాడీలని గాజు జాడీలు వాడేవాళ్లు. బరువు ఎక్కువ, తగిలితే పగులుతాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్దిగా ముందు విలియం డుబిలియర్ అనే అమెరికన్ లోహపు రేకుల మధ్య అభ్రకం పొరలు పేర్చి, అదే పని చేసే చిన్న కెపాసిటర్ తయారుచేశాడు. అభ్రకం వేడికి కాలదు, కరెంటును దాటనివ్వదు, ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా విడిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి విమానాల్లో, ఓడల్లో, ట్యాంకుల్లో వైర్‌లెస్, తీరాల వెంట రాడార్. వాటన్నిటికీ వాల్వులు, కెపాసిటర్లు. వాటికి అభ్రకం. మేలు రకం అభ్రకంలో సింహభాగం మన దేశానిదే. దాని కొనుగోళ్ల కోసమే బ్రిటన్, అమెరికా కలిసి కలకత్తాలో జాయింట్ మైకా మిషన్ పెట్టుకున్నాయి. పెద్ద వాటా కోడర్మా చుట్టుపక్కల బీహార్ గనులది. ఆ తరువాత చెప్పుకునే పేర్లలో నెల్లూరు జిల్లా ఉంది.

ఇంత అవసరమైన సరుకు, పొర తీయడం మాత్రం చేతుల మీదే. అమ్మమ్మ చేసి చూపించేది. దిమ్మను వెలుతురుకు పట్టి మచ్చ ఎక్కడుందో చూసుకునేది. అంచున కత్తి మొన దూర్చి కొంచెం తిప్పేది. సందు విడగానే కత్తి పక్కన పెట్టి బొటనవేలు పోనిచ్చేది. పొర చిరగకుండా, ఒకే మందంలో, ఉల్లిపొర లేచినట్టు లేచొచ్చేది. మిల్లీమీటరులో 40వ వంతు మందం వరకూ తీసేవాళ్లు. చదువు లేని పదిహేనేళ్ల పిల్లకు ఆ నేర్పు వేళ్లలో ఉంది. నా దృష్టిలో ఇదీ ఇంజనీరింగే. డుబిలియర్ ఆలోచన ఎంత గొప్పదో ఈ వేళ్ల పని అంత గొప్పది. ఇది మా అమ్మమ్మ మీద ప్రేమతో అంటున్న మాట మాత్రమే కాదు.

గనిలోకి దిగే మగవాళ్లది వేరే కష్టం. రాతి దుమ్ము పీల్చి పీల్చి మా తాత దగ్గుతో మంచానపడ్డాడు. గని యజమాని ఒక్కసారి కూడా గడప తొక్కలేదు.

యుద్ధం అయ్యాక అవే వాల్వులు ఇళ్లలోకి వచ్చాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. స్విచ్ వేస్తే వాల్వు వేడెక్కేదాకా రేడియో పలికేది కాదు. ఆ కాసేపూ ఇంటిల్లిపాదీ దాని ముందు ఎదురుచూసేవాళ్లు. అప్పటికే, 1947 డిసెంబరులో, అమెరికాలో వాల్వు పనే చేసే ట్రాన్సిస్టర్ పుట్టింది. దానికి గాజు బుడ్డీ అక్కర్లేదు, అభ్రకం బిళ్లా అక్కర్లేదు. వాల్వులు పోయేకొద్దీ మైకాకు గిరాకీ తగ్గింది. గూడూరు, సైదాపురం వైపు గనులు ఒకటొకటే మూతపడ్డాయి. మా మేనమామలు కూలి వెతుక్కుంటూ మద్రాసు రైలెక్కారు. ఒక చిన్న వస్తువు రావడం లోకాన్ని ఎంత మారుస్తుందో, పోవడం కూడా కొన్ని ఊళ్లను అంతే మారుస్తుంది. ఈ రెండో సగం గురించి రాసేవాళ్లు తక్కువ.

మన తెలుగు సంఘం సభల్లో నెల్లూరంటే చేపల పులుసు, మొలగొలుకుల బియ్యం, శ్రీహరికోట. 2022లో జిల్లాలు విడదీసి గూడూరును తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు వాట్సాప్‌లో ఎంత వాదించుకున్నామో! ఆ గూడూరు మైకా గురించి మాత్రం మన పిల్లలకు ఒక్క ముక్క చెప్పం. సంఘం తరఫున ఒక పని మొదలుపెడదామని నా మనవి. యుద్ధకాలంలో పనిచేసినవాళ్లు దాదాపు వెళ్లిపోయారు. ఆ తరువాత ముప్ఫై, నలభై ఏళ్లు షెడ్లలో కూర్చున్నవాళ్లు ఇంకా ఉన్నారు. గూడూరు, సైదాపురం, రాపూరు, పొదలకూరు వైపు వెళ్లేవాళ్లు ఈసారి వాళ్ల ఇంటికి వెళ్లి, ఫోన్ ముందు పెట్టి మాట్లాడించండి. ఎన్నో ఏట పనిలో చేరారు, కూలి రోజుకా తూకానికా, ఎంత ఇచ్చేవారు, మచ్చ ఉన్న పొరను ఏం చేసేవారు, గని మూసిన రోజు ఎవరు వచ్చి చెప్పారు. వీలైతే ఒక అభ్రకం దిమ్మ వాళ్ల చేతికిచ్చి పొర తీయమనండి, ఆ వేళ్లను దగ్గర నుంచి వీడియో తీయండి. మా అమ్మమ్మను నేను ఇవేవీ అడగలేదు.