అవి చిన్నాచితకా ఉద్యోగాలు కావు

నిన్న సాయంత్రం నుంచి కడుపు రగిలిపోతూనే ఉంది. రాత్రి అన్నం కూడా సహించలేదు. రాస్తేగానీ నిద్ర పట్టేలా లేదు. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

హైదరాబాదు చిక్కడపల్లిలో నిన్న నా మొదటి నవల మీద చిన్న సభ జరిగింది. అరవై కుర్చీలు వేస్తే నలభై నిండాయి, నాకు అదే పండగ. నన్ను పరిచయం చేసిన పెద్దాయన మైకు పట్టుకుని, "ఈ అమ్మాయి చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, ఎన్నో కష్టాలు పడి, చివరికి రచయిత్రి అయింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుని కూర్చున్నా.

చిన్నాచితకా ఏమిటి సార్? సుల్తాన్ బజార్‌లో చీరల షాపులో నాలుగేళ్లు చేశా. ఛత్తా బజార్‌లో శుభలేఖలు వేసే ప్రెస్సులో మూడేళ్లు డీటీపీ, అంటే కంప్యూటర్లో టైపు కొట్టే పని చేశా. ఇదంతా రాసిన కాగితం ఆయన చేతికే ఇచ్చా. చదవడానికి అర నిమిషం పట్టదు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

అంతకు పది నిమిషాల ముందే అదే మైకులో వట్టికోట ఆళ్వారుస్వామి గురించి మాట్లాడారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాలు నెత్తిన మోసుకుని తిరిగి అమ్మిన మనిషి అని చెబుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మరి ఆ ఆళ్వారుస్వామి ఏం చేసి బతికాడు? ఒక పంతులుగారికి వండిపెడుతూ చదువుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేశాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 'ప్రజల మనిషి' నవల రాసినవాడికి మనుషులు ఎక్కడ పరిచయమయ్యారు మరి? అన్నం వడ్డించిన చోట కాదా? ఎవరు ఆకలితో వచ్చారో, ఎవరు డబ్బులు లెక్కపెట్టుకుని ఒక్క టీతో సరిపెట్టుకున్నారో సర్వరుకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మన దగ్గర ఒక అలవాటు ఉంది, నాకు అది అస్సలు పడదు. కథకుడు రావిశాస్త్రి గారి పేరు ఎత్తితే, విశాఖ కోర్టుల్లో లాయరుగా ఎంత జీవితం చూశారో, ఆ కోర్టు వరండాల్లోంచే 'ఆరు సారా కథలు' ఎలా వచ్చాయో చెబుతారు. నవలాకారుడు కేశవరెడ్డి గారి పేరు ఎత్తితే, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పేదవాళ్లను ఎంత దగ్గరగా చూశారో చెబుతారు. చెప్పాలి కూడా, ఆ ఇద్దరూ నాకు గురువుల్లాంటివాళ్లు. కానీ లాయరు చేస్తే అనుభవం, డాక్టరు చేస్తే అనుభవం, సర్వరు చేస్తే, సేల్స్‌గర్ల్ చేస్తే మాత్రం కష్టాలు! మేం అక్కడ ఏదీ చూడలేదా? ఏదీ నేర్చుకోలేదా?

చీరల షాపులో నేను చూసిందొకటి చెబుతా. ఒక తల్లీకూతుళ్లు పెళ్లిచీరకి వచ్చారు. పరుపు మీద ముప్పై చీరలు పరిచా. కూతురు ఒక మెరూన్ పట్టుచీర మీద చెయ్యి వేసి తియ్యలేదు. తల్లి ఏమీ మాట్లాడకుండా కొంగు సర్దినట్టు చేసి, ధర చీటీని మడత లోపలికి తోసేసింది, కూతురికి కనపడకుండా. తర్వాత నా వైపు చూసింది. ఒక్క చూపు. నేను గబగబా పల్లూ విప్పి, "ఇది మీకు బాగుంటుంది మేడమ్" అన్నా. నా నవల మూడో అధ్యాయం మొత్తం ఆ చేతిలోంచి పుట్టింది. నిన్న సభలో ముగ్గురు ఆ అధ్యాయాన్ని మెచ్చుకున్నారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు.

ప్రెస్సు సంగతి అయితే నాకు బడి లాంటిది. శుభలేఖలో తాతగారి పేరు ముందు 'కీర్తిశేషులు' పడాలా వద్దా అని రెండు కుటుంబాలు నా కంప్యూటరు ముందే పోట్లాడుకునేవి. ఒక ఒత్తు తప్పు పడితే అయిదు వందల కార్డులు మళ్లీ వెయ్యాలి, డబ్బులు నా జీతంలో కోసేవారు. ఈరోజు నా వాక్యంలో తప్పులు తక్కువ ఉన్నాయంటే ఆ భయం పుణ్యమే.

నన్ను అన్నదానికి ఇంత బాధ లేదు. మూడో వరసలో మా అక్క కూర్చుంది. తోబుట్టువు కాదు, షాపులో నా పక్క కౌంటరు. చీర మడత పెట్టడం నాకు నేర్పింది తనే. సగం రోజు జీతం వదులుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని నా కోసం వచ్చింది. పదహారేళ్ల నుంచి అదే షాపు, ఈరోజుకీ అదే పని. మైకులో 'చిన్నాచితకా' అన్నప్పుడు తను చప్పట్లు కొట్టలేదు. ఒళ్లో ఉన్న నా పుస్తకం అట్టని అరచేత్తో తుడుస్తూ ఉండిపోయింది. నేను అంత దూరం నుంచి చూస్తూనే ఉన్నా.

ఆ అక్క కాళ్లు చూడాలి మీరు. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బిపోయి ఉంటాయి. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి, కస్టమర్ లేకపోయినా సరే. మా షాపులో మాకు స్టూలు ఉండేది కాదు. పండగ సీజన్‌లో నేను ట్రయల్ రూమ్‌లో నేల మీద రెండు నిమిషాలు కూర్చున్నందుకు, ఓనరు అందరి ముందూ "ఇక్కడికి పడుకోవడానికి వచ్చావా" అన్నాడు. తొమ్మిదేళ్లయింది, ఆ మాట నేను మర్చిపోలేదు. అమ్మేవాళ్లు కూర్చోవచ్చని కేరళలో 2018లో చట్టం చేశారు, తమిళనాడులో 2021లో చేశారు. దానికీ ఒక చట్టం కావాల్సి వచ్చింది! మీరు ఈసారి చీరలు కొనడానికి వెళ్లినప్పుడు కౌంటరు వెనక స్టూలు ఉందేమో చూడండి. లేకపోతే అడగండి. మేం అడిగితే ఉద్యోగం పోతుంది, మీరు అడిగితే ఏమీ పోదు.

సభ అయ్యాక ఇద్దరం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కాం. రెండో స్టేషను సుల్తాన్ బజార్. అక్క అక్కడ దిగాలి, సాయంత్రం డ్యూటీ ఉంది. "సార్ అన్నది పట్టించుకోకే, పెద్దాయన" అంది. నాకు గొంతు పెగల్లేదు. దిగేముందు పుస్తకం తెరిచి, "సంతకం పెట్టలేదు నువ్వు" అంది. రైలు ఊగుతుంటేనే పెట్టా.

పబ్లిషర్ గారికి ఈ పొద్దున్నే మెసేజ్ పెట్టా. రెండో ముద్రణ వెనక అట్ట మీద 'వివిధ ఉద్యోగాలు చేశారు' అన్న ముక్క తీసేసి, 'సుల్తాన్ బజార్‌లో నాలుగేళ్లు చీరలు అమ్మింది, ఛత్తా బజార్‌లో మూడేళ్లు శుభలేఖలు టైపు చేసింది' అని వెయ్యమన్నా. చోటు చాలదంటే నా ఫొటో తీసెయ్యమన్నా. ఇంకా జవాబు రాలేదు.