లోకరక్షణ మధ్యలో అన్నానికి లేవవచ్చునా?

వీరుడి వేషం కట్టి కథ నడిపే వీడియో ఆటని ఆర్‌పీజీ అంటారు. సింగిల్ ప్లేయర్ ఆర్‌పీజీకీ ఆన్‌లైన్ ఆర్‌పీజీకీ తేడా ఏమిటంటే, ఒకదాంట్లో ఒక్కడే ఆడతాడు, రెండోదాంట్లో వేలమంది ఆడతారు అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళు చాలామంది. తలకాయలు లెక్కపెట్టడం శాస్త్రం కాదు. నిఖార్సయిన పరీక్ష ఒక్కటే: వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?" అని కేక వినబడ్డప్పుడు డ్రాగన్ ఏం చేస్తుంది?

సింగిల్ ప్లేయర్ ఆట స్కైరిమ్‌లో అయితే ఆగుతుంది. మెనూ తెరవగానే దాని నోట్లోంచి వస్తున్న మంట కూడా గాల్లోనే నిలబడిపోతుంది. అంత మర్యాద తెలిసిన ప్రాణి. కేక వినబడకపోయినా ఆటని ఆపుకోవచ్చు. ప్రాణం రేపో మాపో అన్నట్టున్నప్పుడు సంచి తెరిచి, చక్రాలంతేసి జున్నుముద్దలు పదిహేనూ పచ్చి క్యాబేజీలు ఇరవయ్యీ అక్కడికక్కడే తినేసి మళ్ళీ కత్తి ఎత్తవచ్చు. అజీర్తి లేదు. మోసే బరువుకే హద్దు: మొదట్లో 300. లెవెల్ పెరిగినప్పుడు స్టామినాకి (దమ్ముకి) ఓటేస్తే ఇంకో 5 కలుస్తుంది. హద్దు దాటిన వీరుడు పరుగు మరిచిపోయి పెళ్ళినడక నడుస్తాడు.

ఇక ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ సంగతి. 2004లో వచ్చినప్పుడు దాని మోల్టెన్ కోర్ గుహలోకి 40 మంది దిగేవారు. అందులో బారన్ గెడాన్ అనే బాస్ (పెద్ద శత్రువు) ఉండి ఉండి ఒకరికి సజీవ బాంబు తగిలిస్తాడు. గడువు 8 సెకన్లు. బాంబు పడ్డవాడు గుంపుని వదిలేసి, ఎవరూ లేని మూలకి పరిగెత్తి, అక్కడ ఒంటరిగా పేలాలి. హీలర్లు, అంటే గాయాలు మాన్పేవాళ్ళు, చూసుకుంటే బతుకుతాడు. ఇప్పుడు ఆ ఒక్కడూ పెరుగన్నం కలుపుకుంటున్నాడనుకోండి. అతని బొమ్మ హీలర్ల మధ్యే నిలబడి ఉంటుంది, అక్కడే పేలుతుంది. హీలర్లు పోతే ట్యాంక్‌కి, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచేవాడికి, ప్రాణం పోసేవాడు లేడు. ట్యాంక్ పోతే బాస్‌ని పట్టి ఉంచేవాడు లేడు. మిగిలినవాళ్ళు కందిచేలో పడ్డ ఆవుకి దొరికినట్టు దొరుకుతారు. దీన్ని వైప్ అంటారు. తర్వాత అందరూ దెయ్యాలై శ్మశానం నుంచి నడిచొచ్చి, చివికిన కవచాలకి రిపేరు డబ్బులు కట్టి, మళ్ళీ మొదటికి రావాలి. ఒక్క పెరుగన్నం, 40 శవాలు. ఇంతా చేసి నెలనెలా చందా కట్టేది కూడా వీళ్ళే.

నలభై మందీ బతికి బట్టకట్టి బాస్‌ని చంపారే అనుకోండి, కష్టాలు అప్పుడే మొదలవుతాయి. రాలేవి రెండు మూడు వస్తువులు, చాచిన చేతులు నలభై జతలు. దీనికోసం ఎవర్‌క్వెస్ట్ అనే పాత ఆన్‌లైన్ ఆట రోజుల్లోనే పుట్టిన ఏర్పాటు డీకేపీ (డ్రాగన్ కిల్ పాయింట్లు), అంటే డ్రాగన్‌ని చంపినందుకు హాజరు పట్టీ. వస్తే పాయింట్లు, వేళకి వస్తే ఇంకాసిని, ఆఖరిదాకా ఉంటే మరికాసిని. వాటితో వేలంపాట పాడుకోవాలి. ఈ లెక్కలు ఎక్సెల్‌లో రాసేవాడు యుద్ధంలో కర్రముక్కకి కొరగాకపోయినా అతన్ని ఏ గిల్డూ (ఆటగాళ్ళ జట్టూ) వదులుకోదు. చిక్కెక్కడంటే, పాతకాపులు పాయింట్లు కూడబెట్టి గుట్టల మీద కూర్చుంటారు, కొత్తగా చేరినవాడు ఎన్ని వారాలొచ్చినా పాటలో నెగ్గడు. అందుకని కొన్ని గిల్డ్‌లు వారం వారం పాయింట్లకి కోత పెడతాయి. వెంటనే పాతకాపులు అలుగుతారు. అదీ కుదరకపోతే లూట్ కౌన్సిల్: నలుగురు పెద్దలు కూర్చుని అర్హుడెవరో తేలుస్తారు. అర్హుడు సాధారణంగా ఆ నలుగురిలోనే దొరుకుతాడు.

సింగిల్ ప్లేయర్‌లో దాయాదులు లేరు కాబట్టి అక్కడి జబ్బు వేరు, దాచుకోవడం. మంచి మందు సీసాలన్నీ పెద్ద బాస్ కోసమని దాస్తారు. పెద్ద బాస్ వచ్చాక, ఇంతకంటే పెద్దది రాదని ఏమిటి నమ్మకం అని మళ్ళీ దాస్తారు. ఆట అయిపోయి పేర్లు పడుతున్నప్పుడూ అవి బీరువాలో వెండి గ్లాసుల్లా సీలు విప్పకుండానే ఉంటాయి.

పాపపరిహారం కూడా ఇక్కడ సులువు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో తాళం తియ్యాలన్నా, అబద్ధం అతకాలన్నా 20 ముఖాల పాచిక వెయ్యాలి. 1 పడితే ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఓడినట్టే. ముందుగా ఎఫ్5 నొక్కి ఆట సేవ్ చేసుకున్న జాగ్రత్తపరుడు మాత్రం ఎఫ్8 నొక్కి అక్కడికే వెనక్కి వెళ్తాడు. ఆ 1 ఎన్నడూ పడలేదు, ఆ అబద్ధం ఎవరూ ఆడలేదు. కథ ప్రకారం వీరుడి బుర్రలో పురుగుంది, కొద్దిరోజుల్లో అతన్ని రాక్షసుణ్ణి చేస్తుంది. అయినా మామూలు స్థాయిలో రాత్రికి 40 పాళ్ళ తిండి సమకూర్చుకుంటే హాయిగా పడుకోవచ్చు. పురుగు ఓపిక పడుతుంది. (కాలిపోతున్న సత్రం కంటబడ్డాక మాత్రం పడుకోకూడదు, తెల్లారేసరికి లోపలివాళ్ళు మిగలరు. గడియారం చూసే చోట్లు ఆ ఆటలో ఇలాంటివి కొన్నే.)

రాజుల ఆయుర్దాయంలోనూ ఇదే తేడా. స్కైరిమ్‌లో కథకి కావలసినవాళ్ళు ఎన్ని పోట్లు తిన్నా మోకాళ్ళ మీద కూలి, కాసేపటికి బట్టలు దులుపుకుని లేస్తారు. 1997 ఆగస్టులో అల్టిమా ఆన్‌లైన్ ఇంకా పరీక్షల్లో ఉండగా, దాన్ని తయారుచేసిన రిచర్డ్ గారియట్ స్వయంగా లార్డ్ బ్రిటిష్ అనే రాజై ప్రజలకి దర్శనమిచ్చాడు. సర్వర్ పడిపోయి లేచాక అమరత్వం మళ్ళీ పెట్టుకోవడం మరిచాడు. ఒక ఆటగాడు మంత్రంతో మంట పెట్టాడు. అంతే, సింహాసనం ఖాళీ.

అంతరిక్ష నౌకల ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో ఇంకా ఘోరం. 2014 జనవరిలో ఆటగాళ్ళ కూటమి ఒకదానికి తన స్థావరమున్న ప్రాంతం మీద హక్కు బిల్లు చెల్లింపు తప్పిపోయింది. హక్కు పోయింది, శత్రువులు దిగారు, 21 గంటలు కొట్టుకున్నారు, ఆటలోకెల్లా పెద్దవైన టైటాన్ నౌకలు 75 బూడిదయ్యాయి. జనం తాకిడికి సర్వర్ ఆటలోని కాలాన్నే పదో వంతుకి తగ్గించేసింది. లోపల ఒక సెకను గడిచేసరికి బయట పది. కాలాన్ని అంతదాకా సాగదీసినవాళ్ళు పాజ్ మాత్రం ఇవ్వలేదు.

2011 డిసెంబర్ 15న స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఆన్‌లైన్ ఆట సర్వర్లు ఆపేశారు. ఆటగాళ్ళు కట్టుకున్న ఇళ్ళూ ఊళ్ళూ ఒక్క రోజులో పోయాయి. అంతకు నెల ముందే, నవంబర్ 11న, స్కైరిమ్ వచ్చింది. లోకాన్ని మింగేయడానికి ఆల్డూయిన్ అనే డ్రాగన్ ఆనాటినుంచీ సిద్ధంగానే ఉంది. ఆపవలసిన వీరుడు పొలంలో క్యాబేజీలు కోసి, ఆ పొలం రైతుకే అమ్ముతున్నాడు.