ఖతార్ ఫుట్‌బాల్ మైదానంలోని గడ్డి గారికి విన్నపం

మహారాజశ్రీ పాస్పలం గడ్డి గారి దివ్యసముఖానికి,

చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మూడెకరాల బీడుకు ఆసామి, ఒకప్పటి మీ సేవకుడు రాసుకొనే మనవి.

మీరు క్షేమమని తలుస్తాను. 2022 ప్రపంచ కప్పు ముగిశాక పత్రికల్లో మీ ఊసే లేదు. నా ఊసు అంతకుముందూ లేదు కాబట్టి ఆ విషయంలో నాకు లోటేమీ రాలేదు.

మీకు గుర్తుండదు గానీ, నేను మీ దగ్గరకు వచ్చిందే నీళ్లు లేక. బోరు వెయ్యి అడుగులు దాటినా రాతిపొడి తప్ప ఏమీ పైకి రాలేదు. వేరుసెనగ ఊడలు దిగే వేళకు ఎండిపోయింది. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసి ఏజెంటు చేతిలో పోసి ఎడారిలో దిగాను. అక్కడ నాకు అప్పగించిన పని ఏమిటి? నీళ్లు పట్టడం! వేసవిలో ఒక్కో మైదానానికి రోజుకు 50,000 లీటర్లు. అదీ సముద్రపు నీటిలో ఉప్పు తీసి చేసిన మంచినీళ్లు. స్ప్రింక్లర్లు లేచి తిరుగుతుంటే రైతుబుద్ధి ఊరుకోక, ఎకరాకు దిగుబడి ఎంత అని మేస్త్రీని అడిగాను. ఆయన నెల్లూరాయన.

"కోసి పారేస్తారయ్యా" అన్నాడు.

ఆటగాళ్లకు వడదెబ్బ తగలకూడదని పోటీలను ఏకంగా నవంబరుకు జరిపారు. ఎండాకాలం మీకూ నాకూ మిగిలింది. అందులోనూ మీది వేరే జాతకం. స్టేడియంలో చల్లగాలి మీ పాదాల దగ్గరికే గొట్టాల్లో వచ్చేది. చలికాలంలో మీకు తోడుగా చల్లే విత్తనాలు అమెరికా నుంచి విమానం దిగేవి. మాకూ ఒక దయ జరిగింది. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదన్నారు. ఉదయం 9.55కు ఎండ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ అడగలేదు.

మీ ఎత్తు కొలబద్దతో కొలిచేవాళ్లం. ఒక పట్టీ ఇటు, ఒక పట్టీ అటు కోస్తేనే టీవీలో లేత, ముదురు చారలు కనిపిస్తాయి. బూట్ల మేకులకు పెళ్ల లేస్తే, విరామంలో పరుగున వెళ్లి ముళ్ల కర్రతో దాన్ని ఎత్తి, చిటికెడు ఇసుక పోసి అరచేత్తో అద్దాలి. నా కొడుక్కి తలనొప్పి వచ్చినా అంత మెత్తగా అద్దలేదు.

డిసెంబర్ 18న లుసైల్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో అర్జెంటీనా పెనాల్టీల మీద గెలిచింది. మెస్సీ మోకాళ్ల మీద కూలబడ్డాడు. లోకమంతా ఆయన ముఖం చూసి కన్నీళ్లు పెట్టుకుంది. నేను ఆయన మోకాళ్ల కింద పెళ్ల లేచిందేమోనని చూశాను.

ఊరికి తిరిగొచ్చాక ఒక వ్యవసాయ అధికారి చెబితే తెలిసింది. మా అరికెలు మీకు దాయాదులట! శాస్త్రజ్ఞుల లెక్కలో అవీ పాస్పలమే. ఒకే వంశంలో పుట్టి, అవి రాళ్ల నేలలో నాలుగు వానలకే పండి మనుషులకు అన్నమయ్యాయి. మీరు రోజుకు 50,000 లీటర్లు తాగి మహారాజశ్రీ అయ్యారు. ఇందులో నా అసూయేమీ లేదు. ఉంటే గింటే అరికెలకు ఉండాలి.

చివరి రెండు నెలల జీతం గురించి కంపెనీని అడిగితే పరిశీలనలో ఉందంటున్నారు. మీకు అక్కడ పలుకుబడి ఉంది కాబట్టి ఒక మాట వేయగలరు.

ప్రస్తుతం బీడు దున్ని అరికెలే చల్లాను. రాత్రిపూట కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగుతున్నాయి. పెళ్లలు లేపడంలో వాటి ముందు ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే ఏపాటి? తెల్లారేసరికి సరిచేసుకునేది నేనే. వీలుంటే మీ దగ్గరి ముళ్ల కర్ర ఒకటి పంపించండి. ఇక్కడ దొరికేవి వంగిపోతున్నాయి.

ఇట్లు,
మీ మాజీ నీరుకట్టు